కోపానికో కాసు

మా అత్తయ్యకి కోపం వస్తే బంగారం కొంటుంది.

బంగారం కొనిపెట్టలేదని కోపం తెచ్చుకునేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మా అత్తయ్య దగ్గర వ్యవహారం తిరగబడింది. ఆవిడకి ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత బంగారం వస్తుంది. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు నవ్వి, అలాంటి కోపం మా ఇంట్లోనూ ఎవరికైనా ఉంటే ఎంత బాగుండునో అంటారు. పడేవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. పొద్దున్నే కాఫీ కాస్త చల్లారిందని నోరు జారిన పాపానికి, ఆ ఒక్క మాటా మధ్యాహ్నం తక్కెట్లో ఎంత తూగిందో తెలిశాక గుండె గుభేలుమనడం ఎలా ఉంటుందో బయటివాళ్ళకేం తెలుసు.

ఆవిడ మా నాన్నకి అక్క. వీధి మలుపులో లాండ్రీ నడుపుతుంది. ముందు గదిలో కౌంటరు, దాని వెనక ఇస్త్రీ బల్లలు, ఎప్పుడూ ఆవిరి, తడిసిన ఉన్ని వాసన. ఇంకా వెనక్కి వెళితే ఒక పొడుగాటి గది. అక్కడ ఇనప కమ్మీలకి వేలాడే బట్టలన్నీ ఎవరో ఎప్పుడో ఇచ్చి, మళ్ళీ వచ్చి తీసుకుపోనివి. నా ఉద్యోగం పక్క వీధిలోని పుస్తకాల డిపోలో. మధ్యాహ్నం ఖాళీ దొరికితే లాండ్రీలో వచ్చి కూలబడేవాణ్ణి. అంచేత ఆవిడ కోపాలు పుట్టిన దగ్గర్నుంచీ నాకు తెలుసు.

కోపం వస్తే అత్తయ్య అరవదు. కళ్ళజోడు తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి, డబ్బా మూత టక్కుమనిపిస్తుంది. పెదాలు బిగించి, మేకుకి వేలాడే తోలు సంచీ అందుకుంటుంది. అంతే. మా ఇంట్లో తుఫాను హెచ్చరిక అంటే అదే. "సంచీ అందుకుంది" అని ఒకరు గుసగుసలాడితే, ఎవరి మీద, ఎవరి మీద అని మిగతావాళ్ళం ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళం. ఈలోగా ఆవిడ మెట్లు దిగి, రోడ్డు దాటి, నగల కొట్లో కూర్చునేది.

చిరాకైతే వెండి, కోపమైతే బంగారం. అదీ ఆవిడ లెక్క. నగ మాత్రం చచ్చినా కొనదు. మజూరీ అనీ తరుగనీ వాళ్ళు చెప్పే కబుర్లకి నా కోపం కాస్తా అరిగిపోతుందంటుంది. "మెళ్ళో వేసుకునేది సోకు, మూల పడేసేది సొమ్ము" అని ఆవిడ సిద్ధాంతం. నాణెమో బిస్కెట్టో చేతిలోకి తీసుకుని, బరువు చూసి, గుప్పిట మూసి, అప్పుడు గట్టిగా ఒక ఊపిరి వదులుతుంది. కొట్టాయన ఆ ఊపిరి కోసం ఎదురుచూసి, అది బయటికి వచ్చాకే బిల్లు రాసేవాడు.

ఒకసారి నేను తెలివి ప్రదర్శించాను. ఈ రోజుల్లో ఇలా మోసుకు తిరగక్కర్లేదనీ, ఫోనులోనే బంగారం కొనుక్కోవచ్చనీ, మన పేరు మీద వాళ్ళే ఎక్కడో భద్రంగా ఉంచుతారనీ చెప్పాను.

"ఉంచి, నా చేతిలో ఏం పెడతారు?" అంది.

"ఒక నంబరు ఇస్తారత్తయ్యా."

"నంబరు మన కొట్లో ప్రతి తుండుగుడ్డకీ ఉందిరా."

నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

ధర పడిపోయిందని అందరూ గుండెలు బాదుకున్న రోజున కూడా ఆవిడ చలించలేదు. పడింది ధర గానీ బరువు పడలేదు కదా అంది. ధర కొండెక్కి కూర్చున్నప్పుడు ఇప్పుడమ్మితే మంచి లాభమని కొట్టాయనే చెవిలో వేశాడు. పొద్దున కొని సాయంత్రానికి వాడిపోకుండా అమ్ముకోడానికి ఇవేమన్నా ఆకుకూరలా అని అడిగిందిట. ఆయన అదిరిపడి, ఆ ప్రస్తావన మళ్ళీ ఎత్తలేదు. ఇంకోసారి ఆయనే తూకం వేసే పిల్లవాడి పరధ్యానం వల్ల ఆవిణ్ణి చాలాసేపు కూర్చోబెట్టాడు. ఆవిడ కళ్ళజోడు తీసింది. ఆయనకి చెమటలు పట్టాయి, పెద్ద గిరాకీ పోయిందనుకున్నాడు. పోవడం మాట అటుంచి, ఆవిడ ఆయన మీద వచ్చిన కోపానికి ఆయన కొట్లోనే ఇంకో నాణెం కొనుక్కుని లేచింది. "ఇన్నేళ్ళ వ్యాపారంలో నన్ను తిడుతూ నాకే లాభం చేసిన మనిషి ఈవిడొక్కతే" అని నా దగ్గర చెప్పుకుని ఆశ్చర్యపోయేవాడు. నిజానికి ఆవిడ తిట్టను కూడా తిట్టలేదు.

మావయ్య సంగతి వేరు. ఆయన పటాలు గీసే ఆఫీసులో చేసి రిటైరైన సాధుజీవి. ఆవిడకి కోపం తెప్పించాలన్న ఉద్దేశం ఆయనకి జన్మలో లేదు. మరుపు మాత్రం ఉంది. ఓ సాయంత్రం లాండ్రీ తలుపు దించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, పాట పాడుకుంటూ ఇంటికొచ్చి కూర్చున్నాడు. కంచం ముందు కూర్చున్నాక వడ్డించేవాళ్ళు లేరేమా అని వెతుక్కుంటే, అత్తయ్య కొట్టు లోపలే ఉండిపోయిందని తట్టింది. మర్నాడు ఆవిడ నగల కొట్టు తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. మావయ్య ఆ రోజుని ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేవాడు. "ఏమనుకుంటున్నార్రా నన్ను? ఒక్క తాళంకప్పతో కాసు సంపాదించాను. ఈ ఇంట్లో అసలు సంపాదనపరుణ్ణి నేను" అనేవాడు.

ఇంతమందిలో ఆవిడకి ఏనాడూ కోపం తెప్పించని మనిషి ఒకడున్నాడు. అది నేను. ఆవిడ ఏమంటే అది నాకు అప్పటికే తోచి ఉండేది. టీలో చక్కెరకి బదులు ఉప్పు పడిన రోజున కూడా రెండో కప్పు అడిగి పుచ్చుకున్నాను. మా వాడు బంగారమని ఆవిడ అందరితోనూ అనేది. ఆ మాట నేను కాస్త అక్షరాలా తీసుకున్నాననుకోండి. పిల్లల్లేని మనిషి, మేనల్లుడంటే ప్రాణం. ఈ కోపాలన్నీ ఎప్పటికైనా ఎవరి ఒళ్ళో పడతాయో పైకి అనకపోయినా నాకో అంచనా ఉండేది.

ఆ బంగారం ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలీదు. మావయ్య బీరువా వెనక చూశాడు, పూలకుండీలు తవ్వాడు, పరుపు కుట్లు విప్పి దూది గదంతా ఎగరేశాడు. ఆ దూది మీద కూడా ఆవిడ కొంత వెండి కొంది.

ఇక ఇస్త్రీ మేస్త్రి.

వయసులో అత్తయ్య కన్నా కాస్త చిన్న. కొట్టు తెరిచిన కొత్తలో వచ్చి, ఆ బల్ల దగ్గర నిలబడి, ఇక కదల్లేదు. అతను ఇస్త్రీ చేసిన ప్యాంటు మడత మీద చెయ్యి వేస్తే తెగుతుందేమోనని భయమేసేది. పని ఎంత పదునో నోరూ అంతే. అత్తయ్య వేడి ఎక్కువైందంటే తక్కువైందంటాడు. ముందు తెల్లవి తియ్యమంటే రంగువి తీస్తాడు. ఆవిడ మాట మొదలుపెట్టగానే "తెలుసమ్మగారూ" అని, తెలిసిన దానికి సరిగ్గా తిరగేసి చేస్తాడు. అతని మాట పూర్తయ్యేసరికి కళ్ళజోడు డబ్బా టక్కుమనేది. ఎదురుగా నగల కొట్టాయన ఆ చప్పుడు వినకుండానే, మేస్త్రి చేతులు ఊపే తీరు చూసి తక్కెడ తుడిచి పెట్టుకునేవాడు.

అలాంటి మేస్త్రికి కుడి భుజం పట్టేసింది. ఆ బరువైన ఇస్త్రీపెట్టె ఎత్తీ దించీ లోపల నరమేదో తెగే దాకా వచ్చిందిట. ఆపరేషను చేస్తే చెయ్యి నిలబడుతుంది, లేకపోతే ఇక గ్లాసు కూడా ఎత్తలేవని డాక్టరు చెప్పాడు. దానికయ్యే ఖర్చు విని మేస్త్రి లేచి వచ్చేశాడు. అత్తయ్య తను ఇస్తానంది. మావయ్య తన పెన్షను ఇస్తానన్నాడు. మేస్త్రి ఒకటే మాట. చేసిన పనికి తప్ప ఒకరి దగ్గర చిల్లిగవ్వ ముట్టనని, తన తండ్రి అప్పుతోనే పోయాడని, తను ఆ దారిన నడవనని. కొన్నాళ్ళు ఎడమ చేత్తో నెట్టుకొచ్చాడు. ఒక్క దుప్పటి ఇస్త్రీ చెయ్యడానికి పూటంతా పట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. మేస్త్రి పెట్టె చల్లార్చి, తీగ చుట్టి, బల్ల తుడిచి, ఈ వారంతో మానేస్తున్నానన్నాడు. చెల్లెలి ఇంటికి పోయి అరుగు మీద కూర్చుంటాడట.

"కూర్చుని ఏం చేస్తావు?" అంది అత్తయ్య.

"ఏం చెయ్యడానికుందమ్మగారూ? చెయ్యే లేనప్పుడు."

"మనుషులు సాయం చేస్తామంటే పుచ్చుకోవడం చాతకాదు గానీ..."

"తెలుసమ్మగారూ" అన్నాడు మేస్త్రి.

కళ్ళజోడు డబ్బా ఎంత గట్టిగా మూసుకుందంటే దాని మూత విరిగింది. సంచీ ఒక్క లాగు లాగింది. మేకు కూడా సంచీతో పాటే ఊడి వచ్చింది. ఆవిడ రోడ్డు దాటుతుంటే బళ్ళు వాటంతటవే ఆగాయి. మేస్త్రి టీ తాగొస్తానని అటు పోయాడు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు ఆ పెద్దమనిషి. పొడుగ్గా, సన్నగా, గాలొస్తే కౌంటరు పట్టుకునేలా ఉన్నాడు. జేబులోంచి మడతలు చిరిగిపోయిన రసీదొకటి తీశాడు. దాని మీద సిరా కూడా రంగు మారింది. బీమా కంపెనీలో మేనేజరట. పూర్వం ఈ కొట్లో కోటు ఉతకడానికిచ్చాడట. ఈలోగా ఒళ్ళొచ్చేసింది, ఇక పట్టదు కదా అని వదిలేశాడు. ఇన్నాళ్ళకి చక్కెర జబ్బు చేసి మళ్ళీ పెళ్ళినాటి కొలతలకి దిగాడు. రిటైరయ్యే మేనేజర్ల ఫొటోలు వాళ్ళ ఆఫీసు గోడకి పెడతారట. ఆ కోటు వేసుకుని ఫొటో దిగాలని ఆయన కోరిక.

వెనక గది బట్టలు కమ్మీల మీంచి తియ్యొద్దని అత్తయ్య ఆజ్ఞ. అయినా రసీదు చేతిలో ఉన్న మనిషిని ఖాళీ చేతులతో ఎలా పంపుతాం? ఆవిడ మెచ్చుకుంటుందని కూడా అనిపించింది. లోపలికి వెళ్ళి నంబరు వెతికి, భుజాలు దిట్టంగా ఉన్న నల్లకోటు కమ్మీ మీంచి తీశాను. తీస్తే ముందుకి తూలాను.

"ఈ రోజుల్లో ఇంత బరువైన గుడ్డ ఎక్కడ దొరుకుతుందండీ" అన్నాను దుమ్ము దులుపుతూ.

ఆయన మురిసిపోయాడు. అక్కడే తొడుక్కున్నాడు. తొడుక్కోగానే మోకాళ్ళు కొద్దిగా వంగాయి. నీరసం ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడని ఆయనే సమాధానం చెప్పుకుని, అంతకాలం దాచినందుకు అద్దె కూడా ఇచ్చి, ఓ పక్కకి ఒరిగి నడుచుకుంటూ పోయాడు.

అత్తయ్య తిరిగొచ్చింది. గుప్పిట్లో ఏదో ఉంది. మొహం మామూలైంది. నేను అద్దె డబ్బులు గర్వంగా బల్ల మీద పెట్టి, పాత నల్లకోటొకటి వదిలించానని చెప్పాను. ఆవిడ వెంటనే వెనక గదిలోకి వెళ్ళింది. కాసేపటికి ఖాళీ హ్యాంగరు చేత్తో పట్టుకుని వచ్చి, మేస్త్రి బల్ల మీద కూర్చుంది. ఆవిడ ఆ బల్ల మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నల్లదా?" అంది.

"నల్లదే."

"దాన్లో మేస్త్రి ఉన్నాడురా" అంది.

మేస్త్రికి ఏమైందోనని ఒక క్షణం పిచ్చి ఆలోచనలన్నీ వచ్చాయి. అప్పుడు చెప్పింది. దొంగలు బీరువా చూస్తారు, పరుపు చూస్తారు, పిండి డబ్బా చూస్తారు. కొనుక్కున్నవాడే వద్దనుకున్న బట్ట ఏ దొంగకి కావాలి? అందుకని ఎవరి మీద కోపంతో కొన్నది వాళ్ళకంటూ ఓ పాత బట్ట కేటాయించి, దాని అస్తరు లోపల కుట్టేసింది. మావయ్యది ఓ పూల గౌను. నగల కొట్టాయనది పసుపుపచ్చ చేతుల్లేని కోటు. అన్నిటికన్నా బరువైనది మేస్త్రి నల్లకోటు. ఇన్నేళ్ళుగా నేను వీపు ఆనించి టీ తాగిన ఆ బట్టల మధ్య ఏముందో ఇప్పుడు తెలిసింది.

అప్పుడే మేస్త్రి వచ్చాడు. విషయంలో సగమే అతని చెవిన పడింది. అతనికి తగిలిన దెబ్బ వేరు.

"ఇస్త్రీ లేకుండా ఇచ్చేశారా?" అన్నాడు నాతో. మొహం పాలిపోయింది. "మన కొట్లోంచి? నలిగిన కోటు?"

నేను చెప్పబోయాను. అతను వినలేదు. ఎడమ చేత్తో చిన్న ఇస్త్రీపెట్టె పట్టుకుని మాకన్నా ముందు వీధిలోకి దూకాడు.

ఫొటో అన్నాడు గనుక స్టూడియో. మా వీధిలో ఉన్నది ఒక్కటే, మేడమీద. మెట్లెక్కుతుండగానే లోపలి మాటలు వినిపించాయి.

"ఎడమ భుజం పైకెత్తండి సార్."

"ఎత్తానయ్యా."

"ఎత్తారు, మళ్ళీ దిగింది."

"అది నా చేతుల్లో లేదయ్యా. ఎడమవైపు ఏదో లాగేస్తోంది. గుండె కూడా అటేగా."

లోపల కొండలూ జలపాతమూ గీసిన తెర ముందు, స్టూలు మీద మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఒడ్డున కట్టని పడవలా ఒరిగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్కలేదు. ఫొటోగ్రాఫరు ఆయన చంక కింద దిండు పెడుతున్నాడు. మేస్త్రి వెళ్ళీ వెళ్ళడంతోనే ప్లగ్గు ఎక్కడుందని అడిగాడు. అత్తయ్య కోటు ఒకసారి విప్పమంది. ఇన్నేళ్ళకి పట్టిన కోటు విప్పేది లేదన్నాడాయన. అబద్ధమాడటం అత్తయ్యకి చాతకాదు. ఆ విద్య మా ఇంట్లో నాది. కోటుకి పురుగులు పట్టకుండా వేసిన మందు ఇంకా పోలేదనీ, అది ఒంటికి తగిలితే నీరసంతో మొదలవుతుందనీ చెప్పాను. ఆయన విప్పిన వేగానికి గుండీ ఎగిరి జలపాతంలో పడింది.

అత్తయ్య ఫొటోగ్రాఫరు కత్తెర అడిగి, స్టూలు మీద కూర్చుని, అస్తరు కుట్లు తెంపింది. ముందు వెండి పడింది. ఆ తర్వాత బంగారం. నాణేలు గచ్చు మీద దొర్లి, దీపాల కిందికీ తెర వెనక్కీ పోయాయి. ఫొటోగ్రాఫరు వేలు అదిరి కెమెరా మీట నొక్కుకుపోయింది. ఆ ఫొటో ఇప్పటికీ ఆ స్టూడియోలో ఉంది. అందులో మేం అందరం నోళ్ళు తెరిచి ఉన్నాం, అత్తయ్య తప్ప.

"ఇదంతా ఎవరిదమ్మగారూ?" అన్నాడు మేస్త్రి.

"నీదే."

మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. పాత పాటే అందుకున్నాడు. చేసిన పనికి తప్ప ముట్టనని, దయాధర్మాలు తనకొద్దని, చెయ్యి పోతే పోనీ అని.

అత్తయ్య కళ్ళజోడు తియ్యలేదు. సంచీ కోసం చూడలేదు. నాకు తెలిసి మొదటిసారి కూర్చున్న చోటే కూర్చుని జవాబు చెప్పింది.

"దయెవడు చూపించాడు నీకు? పని కాదూ ఇది? రోజూ పొద్దున్నే వచ్చి నాకు కోపం తెప్పించావు. ఒక్క పూట నాగా పెట్టావా? నీకు జ్వరం వచ్చి పడుకుంటే, ఆ తెల్లచొక్కాలు నీ అంత బాగా ఎవరూ చెయ్యలేరని కబురంపి మరీ కోపం తెప్పించావు. నువ్వు నోరు మూసుకుని ఉంటే ఇందులో ఒక్క నాణెం కొనేదాన్నా నేను?"

మేస్త్రి చేతిలోని ఇస్త్రీపెట్టె కింద పెట్టాడు.

"నాకు కోపం వస్తే నోరు మంచిది కాదు మేస్త్రీ. చిన్నప్పుడే తెలిసింది. అందుకే లేచి ఆ కొట్టుకి పోతాను. చేతిలో బరువు పడ్డాక అనాలనుకున్న మాట వెనక్కి పోతుంది. ఎవరిని అనకుండా మిగిల్చానో ఇది వాళ్ళది. నేనెలా ఉంచుకుంటాను?"

మాలో ఎవరికీ ఇంతవరకూ తట్టని సంగతి అప్పుడు తట్టింది నాకు. అత్తయ్య కోపిష్ఠి అని ఊరంతా చెప్పుకునేవాళ్ళమే. ఆవిడ తిట్టిన తిట్టు ఒక్కటి చెప్పమంటే, ఎంత తవ్వుకున్నా నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

బీమా మేనేజరు గొంతు సవరించుకున్నాడు. కోటు బరువు దిగగానే ఆయనకి ప్రాణం లేచి వచ్చింది. చేతులు పైకెత్తి దించి, ఒంట్లో బాగానే ఉందే అని తనలో తనే ఆశ్చర్యపోతున్నాడు. "నేను జీవితమంతా చేసింది ఇదే పనయ్యా" అన్నాడు మేస్త్రితో. "నువ్వు రోజూ కట్టావు, ఆవిడ దాచింది. ఆపద వచ్చింది, పుచ్చుకో. పుచ్చుకోనంటే అది మా కంపెనీలో కూడా కుదరదు."

మేస్త్రి వంగి, ఎడమ చేత్తో ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. అది ఏరడమా, కళ్ళు మాకు కనపడకుండా దాచుకోవడమా అన్నది నేను అడగలేదు. అంతా ఏరాక మేనేజరు కోటు నలిగిందని గుర్తొచ్చింది అతనికి. అక్కడే బల్ల మీద పరిచి, ఆ ఎడమ చేత్తోనే ఇస్త్రీ చేసి ఇచ్చాడు. ఫొటో బాగా వచ్చింది. భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి.

బంగారం అమ్మడానికి మేస్త్రే వెళ్ళాడు. అత్తయ్య నగల కొట్టు మెట్ల దాకా వచ్చి, అమ్ముతుంటే చూడలేనని వీధి వైపు తిరిగి నిలబడింది. ఆ కొట్లోంచి బయటికి వెళ్ళడమే గానీ తిరిగి రావడం ఎరగని నాణేలు వరసగా తక్కెట్లోకి దిగుతుంటే, కొట్టాయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. ఎప్పుడో చవకలో కొన్నవి కావడంతో ఆపరేషనుకి పోనూ ఇంకా మిగిలింది.

మేస్త్రి చెయ్యి బాగుపడింది. బాగుపడి మళ్ళీ బల్ల దగ్గరకొచ్చాక, కొత్త ఉపద్రవం వచ్చింది. అతను మర్యాదస్తుడైపోయాడు. అత్తయ్య వేడి ఎక్కువైందంటే "చిత్తం" అంటాడు. తెల్లవి ముందు తియ్యమంటే తెల్లవే తీస్తాడు. ఆవిడ రెండు రోజులు విస్తుపోయి చూసింది. మూడో రోజు అతను "మీరెలా చెబితే అలా" అనేసరికి ఓర్చుకోలేక, కళ్ళజోడు తీసి, డబ్బాకి మూత లేదని చూసుకుని, అలాగే సంచీ అందుకుని రోడ్డు దాటింది. మేస్త్రి మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత అంతా మామూలే.

ఈలోగా కబురు చుట్టాలందరికీ పాకింది. ఎవరి కోటు ఎక్కడుందని ఒకటే రాకపోకలు. ఎన్నడూ గడప తొక్కనివాళ్ళు వచ్చి, లాండ్రీ బాగాలేదనీ టీ బాగాలేదనీ ఆవిడ మొహం మీదే అని, ఆశగా సంచీ వైపు చూసేవాళ్ళు. వాళ్ళ ఎత్తు ఆవిడకి తెలిసిపోయింది. నవ్వుకుని ఇంకో కప్పు పోసేది. గిరాకీ పడిపోయిందని నగల కొట్టాయన మాత్రం బెంగపెట్టుకున్నాడు.

నేనూ ఒకరోజు ధైర్యం చేసి, వెనక గదిలో నా బట్ట ఏదని అడిగాను.

అత్తయ్య తెల్లబోయింది. "నీదేముందిరా? నువ్వు నాకెప్పుడు కోపం తెప్పించావు? బంగారం లాంటి పిల్లాడివి."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు మేస్త్రి జాలిపడి, అది అందరికీ వచ్చే విద్య కాదనీ, దానికి సాధన కావాలనీ, మొదలు ఆవిడ మాట సగంలో ఉండగా "తెలుసు" అనడంతో ఆరంభించమనీ చెప్పాడు. ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేశాను. గుండె దిటవు చేసుకుని వెళ్ళాను. ఆవిడ టీ తాగుతావా అనబోతుంటే మధ్యలోనే "తెలుసు, తెలుసు" అన్నాను. అసలా టీ మనుషులు తాగేదేనా అన్నాను. ఈ కొట్లో ఇచ్చిన తెల్లచొక్కా పసుపుపచ్చగా తిరిగొస్తుందన్నాను. అంటుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అత్తయ్య నా వైపు కన్నార్పకుండా చూసింది. కళ్ళజోడు తీసింది. సంచీ అందుకుంది. మేస్త్రి బల్ల వెనక నుంచి నాకేసి కన్నుగీటాడు. ఆవిడ గబగబా రోడ్డు దాటడం చూసి, నా బతుకులో మొదటిసారి ఒక మనిషికి కోపం తెప్పించానన్న ఆనందంతో నాకు ఒళ్ళు తెలీలేదు.

ఆవిడ తిరిగొచ్చి నా గుప్పిట్లో ఓ చిన్న పొట్లం పెట్టి మూసింది. ఆత్రంగా విప్పాను.

జ్వరం మాత్రలు.

"పొద్దున్నొకటి, రాత్రొకటి వేసుకో" అంటూ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఏనాడైనా ఇలా మాట్లాడావట్రా నువ్వు? హడలిపోయి చచ్చాను."